గ్యాస్ గ్రిల్ మీద పిజ్జా స్టోన్: పగలకుండా, అడుగు మాడకుండా

మీరడిగింది రెండు విషయాలు కదా, మూడు బర్నర్ల గ్యాస్ గ్రిల్ మీద పిజ్జా స్టోన్, అంటే పిజ్జా కాల్చే పలకలాంటి రాయి, పెట్టొచ్చా అని, అడుగు నల్లగా మాడుతున్నా పైన చీజ్ ఎందుకు కరగట్లేదు అని. పెట్టొచ్చండి. మేముండేది డాలస్ దగ్గర, ఎండాకాలం ఇంట్లో ఓవెన్ 500 ఫారెన్‌హీట్‌లో పెడితే ఇక ఇంట్లో కూర్చోలేం, అందుకే నాలుగేళ్లుగా మా పిజ్జాలన్నీ బ్యాక్‌యార్డ్‌లోనే.

ముందు మీ రాయి దేంతో చేసిందో చూడండి. నా మొదటిది స్టోన్‌వేర్, అంటే గట్టిగా కాల్చిన మట్టే, ఓవెన్‌కి మాత్రమే అని దాని మీద రాసుంది, నేను చదవలేదు. బాగా కాలిన గ్రిల్ మీద చల్లటి రాయి తెచ్చి పెట్టేశా, పది నిమిషాల్లో టప్‌మని రెండు ముక్కలు. మంట తగిలిన చోట సాగి, అంచుల్లో ఇంకా చల్లగా ఉంటే రాయి తట్టుకోలేదు. ఇప్పుడున్నది కార్డియరైట్ అనే ఒక రకం సెరామిక్, అది వేడికి చాలా తక్కువ సాగుతుంది, గ్రిల్‌కి అదే కొనండి. అదైనా సరే చల్లటి గ్రిల్ మీదే పెట్టి సిమ్‌లో పావుగంట, ఆ తర్వాతే హై, మొత్తం ముప్పావుగంట. కడిగిన తడి రాయి మాత్రం అస్సలు పెట్టొద్దు, లోపలి నీరు ఆవిరై పగలగొడుతుంది. మా అమ్మమ్మ రాచ్చిప్పని ఎప్పుడూ సన్న సెగ మీదే మొదలుపెట్టేది, ఇదీ అంతే.

ఇక అసలు సమస్య, అడుగు మాడటం. గ్రిల్‌లో వేడంతా కింద నుంచే వస్తుంది, ఓవెన్‌లోలా పై నుంచి కాలదు, పైగా మూత తీసిన ప్రతిసారీ ఉన్న కాస్త వేడీ పోతుంది. నేనేం చేస్తానంటే రెండు ఫైర్‌బ్రిక్స్ (వేడిని తట్టుకునే ఇటుకలు) పడుకోబెట్టి వాటి మీద రాయి పెడతా, మూతకి దగ్గరవుతుంది, చుట్టూ రెండంగుళాల ఖాళీ ఉంటే వేడిగాలి పైకెక్కి చీజ్‌ని కాలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రాయి 550 ఫారెన్‌హీట్ చూపించాక పిజ్జా వేసి, వెంటనే మధ్య బర్నర్ ఆపేసి పక్కవి రెండూ హైలోనే ఉంచుతా. ఈ ఒక్క మార్పుతోనే నాకు మాడటం ఆగింది. నాలుగు నిమిషాలకి ఒక్కసారి మూత తీసి తిప్పటం, ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. గ్రిల్ వెనక ఉండే సందుని వేడి పోతోందని ఫాయిల్‌తో మూసేయకండి, ప్రమాదం.

పిండి ముద్ద 250 గ్రాములు, 11 అంగుళాలకి మించి వద్దు. చెక్క పీల్ (పిజ్జాని రాయి మీదకి జార్చే పలక) మీద మైదా బదులు బియ్యప్పిండి చల్లండి, మైదా రాయి మీద మాడి చేదొస్తుంది. ఫ్రెష్ మోజరెల్లా అయితే అరగంట ముందే పేపర్ టవల్ మీద నీరోడ్చండి, లేకపోతే మధ్యలో తడితడిగా ఉండిపోతుంది.

అయిపోయాక రాయిని తీయకండి, తెల్లారేదాకా గ్రిల్‌లోనే చల్లారనిచ్చి గీకేయండి, సబ్బు వద్దు. మీ గ్రిల్ జాలీ నుంచి మూత దాకా ఎత్తెంతో కొలిచి చెప్పండి, ఇటుకలు పడుకోబెట్టాలో నిలబెట్టాలో చెప్తా.