యేల్ వంశం రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది. వాక్యం బాగుంది. కానీ ‘అమెరికాలోని యేల్ కుటుంబాలన్నీ ఎలిహు యేల్ సంతతే’ అన్న చోట నాకు ఒళ్లు మండింది. యేల్ యూనివర్సిటీకి పేరిచ్చినవాడు, తర్వాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గవర్నరైనవాడు ఆయనే. 1649లో బోస్టన్‌లో పుట్టి, పసివాడుగా ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. మళ్లీ అమెరికా మొహం చూడలేదు. అమెరికాలో, ఇప్పటి కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ వైపు ఉండిపోయింది ఆయన బాబాయి థామస్. అక్కడ ఆ ఇంటిపేరు నిలబెట్టింది థామస్ పిల్లలు.

ఈ పొరపాటు ఎలా జరిగిందో తెలుసా? నీ వంశవృక్షంలో ఆడవాళ్లు లేరు. ఫలానావారి కొడుకు ఫలానా, అంతే. అసలు యేల్‌లు సముద్రం ఎందుకు దాటారు? ఎలిహు నాయనమ్మ ఆన్, భర్త పోయాక థియోఫిలస్ ఈటన్ అనే వర్తకుణ్ణి మనువాడింది. 1637లో ఆయన ఓడెక్కితే మొదటి భర్త పిల్లలూ వెంట వెళ్లారు. ఆయన న్యూ హేవెన్ గవర్నరయ్యాడు. ఒక వితంతువు మళ్లీ పెళ్లాడకపోతే నువ్వు రాసిన ఆ యూనివర్సిటీకి యేల్ అన్న పేరే లేదు!

ఆ నాయనమ్మను 1645లో చర్చి నుంచి వెలివేశారు. పసిపిల్లలకు బాప్తిస్మం తప్పంది, అది అసలు నేరం. దాంతోపాటు ఇంటి గొడవలూ విచారణకెక్కాయి: భోజనాల దగ్గర అత్తగారిని చెంపమీద కొట్టిందనీ, సవతి కూతుర్ని గిల్లిందనీ. ఇవన్నీ చర్చి రికార్డుల్లో ఉన్నాయి. నువ్వు మాత్రం ‘ఈటన్ భార్య’ అని రాసి ముందుకెళ్లిపోయావు.

ఆవిడ కూతురు, ఎలిహు మేనత్త, ఆవిడ పేరూ ఆన్. కనెక్టికట్ గవర్నర్ హాప్కిన్స్ భార్య. ఆమెకు మతి చలించింది. అదేపనిగా చదవడం, రాయడం వల్లే అలా అయిందని మసాచుసెట్స్ గవర్నర్ విన్‌త్రాప్ 1645లో తన దినచర్యలో రాసుకున్నాడు. ఆడపిల్లవి, రచయిత్రివి కావాలనుకుంటున్నావు. ఈ ముక్క నీకు కనపడలేదా?

నా తొలిరోజుల్లో ఒక జమీందారీ కుటుంబం గురించి సీరియల్ రాశాను. ఓ వారపత్రిక ఎడిటరుగారు నేను దస్తావేజులు వెతికి పట్టుకున్న వితంతువులందర్నీ కొట్టేసి, ‘ఏనుగుల గురించి రాయండి, పాఠకులకు అదే కావాలి’ అన్నారు. డబ్బు అవసరం, రాశాను. ఆ ఏనుగులు ఇప్పుడెవరికీ గుర్తులేవు. ఈరోజుల్లో ఎడిటర్లు ‘స్ఫూర్తి’ అంటున్నారు. అదీ ఏనుగే.

మద్రాసుకొద్దాం. 1680లో సెయింట్ మేరీ చర్చి రిజిస్టర్లో ఎక్కిన మొదటి పెళ్లి ఎలిహుది. పెళ్లికూతురు కేథరిన్, జోసెఫ్ హిన్మర్స్ వితంతువు. వాళ్ల కొడుకు డేవిడ్ నాలుగేళ్లు నిండకుండా పోయాడు. వాణ్ణి తల్లి మొదటి భర్త పక్కనే పూడ్చారు. చెన్నై హైకోర్టు ఆవరణలో ఆ సమాధి ఇంకా ఉంది. దానిమీద 1687 జనవరి అని ఉంటుంది, తండ్రిని గవర్నర్ అనీ ఉంటుంది. ఆయన గవర్నరైంది ఆ ఏడు జూలైలో కదా! అప్పటి ఇంగ్లీషువాళ్లకు ఏడాది మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఆ జనవరి మనకు 1688. 1752 దాకా ఈ తలనొప్పి తప్పదు. నీ తేదీలన్నీ మళ్లీ చూసుకో.

తర్వాత వజ్రాల వ్యాపారి వితంతువు హైరొనిమా డి పైవా. ఎలిహుకు ఆవిడ వల్ల చార్లెస్ అనే కొడుకు పుట్టాడు. మూడో వితంతువు, లెక్కపెట్టుకో. 1718లో ఎలిహు, తర్వాత యేల్ పేరు పెట్టుకున్న ఆ కాలేజీకి పంపిన తొమ్మిది బేళ్ల సరుకు గురించీ, 417 పుస్తకాల గురించీ నువ్వు పేజీన్నర రాశావు. తీసెయ్. అది ఎవరికైనా దొరుకుతుంది.

వీలునామాలు చదువు. భర్త పోతే భార్యకు ఆస్తిలో మూడోవంతు అనుభవించే హక్కుండేది, అందుకని ఆవిడ పేరు కాగితంమీదికి రాక తప్పదు. తర్వాత రెండో భర్త ఇంటిపేరు కింద వెతకాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ నాయనమ్మ గురించి నాలుగు పేజీలు రాసి నాకు పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయి.