టెక్ సందేహాలు: పాడైన ల్యాప్‌టాప్ తెర మానిటర్‌గా పనికొస్తుందా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసినప్పటి నుంచి పాత ల్యాప్‌టాప్‌ల మీద ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఈసారి స్క్రూడ్రైవర్ పట్టుకుని సిద్ధంగా కూర్చున్నవాళ్ల సందేహాలు తీసుకుందాం.

ప్రశ్న: మదర్‌బోర్డు పోయిన 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. తెర మాత్రం బాగుంది. ఏదో బోర్డు తగిలిస్తే హెచ్‌డీఎంఐ మానిటర్ అయిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా సార్? (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: నిజమే. హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ను ల్యాప్‌టాప్ తెరకు అర్థమయ్యేలా మార్చే కంట్రోలర్ బోర్డు అది. కానీ ఆ వీడియోల్లో బోర్డు తగిలించడం చూపిస్తారు గానీ, సరైన బోర్డు ఎంచుకోవడం చూపించరు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. అందుకే ఆర్డర్ పెట్టే ముందు తెర విప్పండి. బ్యాటరీ, ఛార్జర్ తీసేసి, తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్‌ను పాత ఏటీఎం కార్డుతో మెల్లగా ఊడదీయండి. కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లల వెనక స్క్రూలు దాక్కుని ఉంటాయి. అవి తీయకుండా లాగితే ఫ్రేమ్ విరుగుతుంది. లోపలి తెర పలకను, అంటే ప్యానెల్‌ను, కీబోర్డు మీదికి బోర్లా వాల్చితే వెనక స్టిక్కర్ కనిపిస్తుంది. బార్‌కోడ్ పక్కన ఉండే పొడుగాటి అక్షరాలూ అంకెలే మీ ప్యానెల్ మోడల్. మూతమీదున్న ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఇక్కడ దేనికీ పనికిరాదు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కంపెనీలు రెండు మూడు రకాల ప్యానెళ్లు వాడతాయి.

ఇప్పుడు ప్యానెల్ వెనక కేబుల్ తగిలించే కనెక్టర్ సంగతి. తెరకు బొమ్మ సిగ్నల్ అందించే పద్ధతులు ఎల్‌వీడీఎస్, ఈడీపీ అని రెండు. పాత ఎల్‌ఈడీ ప్యానెళ్లలో ఎక్కువగా కనిపించేది 40 పిన్నుల ఎల్‌వీడీఎస్. తర్వాతి వాటిలో 30 పిన్నుల ఈడీపీ. అలాగని పిన్నులు లెక్కపెట్టి నిర్ణయించేయకండి, 40 పిన్నుల ఈడీపీ ప్యానెళ్లూ ఉన్నాయి. ఎల్‌వీడీఎస్ బోర్డు, ఈడీపీ బోర్డు ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. స్టిక్కర్ ఫొటో తీసి అమ్మేవాళ్లకు పంపి, ఆ ప్యానెల్‌కు సరిపోయే కేబుల్‌తో, దాని రిజల్యూషన్‌కు ప్రోగ్రామ్ చేసిన బోర్డే ఇమ్మని అడగండి. ‘అన్నింటికీ పనికొస్తుంది’ అనే దుకాణదారు మాట నమ్మొద్దు.

బోర్డు చేతికొచ్చాక పవర్ ఇచ్చే ముందు ఒక్కటి చూసుకోండి. అన్ని రకాల ప్యానెళ్లకీ అమ్మే బోర్డుల మీద ఓ మూల చిన్న జంపర్ (రెండు పిన్నులను కలిపే ప్లాస్టిక్ తొడుగు) ఉంటుంది, పక్కనే 3.3, 5, 12 వోల్టులని రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు కావలసింది 3.3. జంపర్ 12 దగ్గర ఉండగా స్విచ్ వేశారా, ప్యానెల్ అక్కడికక్కడే పోతుంది. బోర్డుకు మాత్రం మామూలు 12 వోల్టుల అడాప్టరే ఇవ్వాలి. ఈ రెండూ కలగాపులగం చేసుకునే చాలామంది ప్యానెళ్లు కాల్చుకుంటారు.

ప్యానెల్ బాగా పాతదై, వెనక ట్యూబ్‌లైట్ రకం బ్యాక్‌లైట్, దానికి ఇన్వర్టర్ ఉంటే వదిలేయండి. అక్కడ వందల వోల్టులు పుడతాయి, నేర్చుకునే దశలో వేలు పెట్టే చోటు కాదు.

ఇంత చేసి లాభమెంత అంటారా? 1366 బై 768 తెరైతే సీసీటీవీకో, రాస్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌కో సరిపోతుంది, రోజంతా కోడ్ రాసుకోవడానికి కళ్లు లాగేస్తాయి. ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ అయితే మాత్రం నేనైతే తప్పకుండా చేస్తాను.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట ఎస్‌ఎస్‌డీ పెట్టమంటున్నారు. మంచిదేనా? (గృహిణి, నిజామాబాద్)

జవాబు: ఆలోచన మంచిదే అమ్మా, చోటు మాత్రం తారుమారైంది. హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీని ఆ హార్డ్‌డిస్క్ ఉన్న చోటే పెట్టించి, హార్డ్‌డిస్క్‌ను డీవీడీ చోటికి మార్పించండి. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో డీవీడీ వైపు సాటా లైను (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపేది) నెమ్మదైనది, అక్కడి నుంచి విండోస్ తెరుచుకోకపోవడమూ ఉంది. డీవీడీ చోట పట్టే ఫ్రేమును క్యాడీ అంటారు. అది ఎక్కువగా 9.5, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో వస్తుంది. పాత డ్రైవ్ బయటికి తీసి స్కేలుతో కొలిచాకే కొనండి. పాత డ్రైవ్ ముందు ఉన్న ప్లాస్టిక్ ముఖాన్ని, వెనకున్న చిన్న ఇనుప క్లిప్పును పారేయకుండా క్యాడీకి బిగించమనండి, లేకపోతే అది లోపల నిలవదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల ఈ క్యాడీలు సులువుగా దొరుకుతాయి. ఫొటోలు మాత్రం ముందే వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు వైఫై ఆగకుండా, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోని సెల్స్‌తో రౌటర్‌కు యూపీఎస్ చేద్దామనుకుంటున్నాను. (ప్రైవేటు ఉద్యోగి, తెనాలి)

జవాబు: ఆ సెల్స్‌తో వద్దండీ. ఆ ప్యాక్‌లోని సెల్స్ ఒకే తీరుగా అరిగి ఉండవు. మూడింటిని వరసగా కలిపితే బాగా అరిగినది ముందే నిండిపోతుంది, ముందే అడుగంటుతుంది. రక్షణ బోర్డు లేకుంటే అది వేడెక్కి ఉబ్బుతుంది, మంటా రావచ్చు. ఇంకో చిక్కు. మూడు లిథియం సెల్స్ పూర్తిగా నిండాలంటే 12.6 వోల్టులు కావాలి, రౌటర్‌తో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్‌తో అది కుదరదు. సెల్స్‌కు నేరుగా సోల్డరింగ్ పెట్టడం మరీ ప్రమాదం. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, ఎన్ని ఆంపియర్లని ఉందో చూసి, అంతకు తగ్గని రెడీమేడ్ మినీ యూపీఎస్ కొనుక్కోండి. పాత ప్యాక్‌ను చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

ప్రశ్న: రాస్‌బెర్రీ పై 4 తెర మీద మాటిమాటికీ మెరుపు గుర్తు వస్తోంది. ఫోన్ ఫాస్ట్ ఛార్జరే వాడుతున్నా కదా! (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: కరెంటు చాలట్లేదని గుర్తు. ఫోన్ ఛార్జర్ మీద రాసిన పెద్ద వాట్లు 9 వోల్టుల్లాంటి ఎక్కువ వోల్టేజీ దగ్గర ఇచ్చేవి, 5 వోల్టుల దగ్గర చాలా వాటిలో 2 ఆంపియర్లే వస్తాయి. పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి. కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే దాన్నీ మార్చండి. పై 5 కొనే ఆలోచన ఉంటే దాని అడాప్టర్ వేరు, 5 ఆంపియర్లది.