తలా తోకా కలిస్తే?

ఈసారి సంచిలో ఐదు ఉత్తరాలు ఒకే జబ్బు మీద వచ్చాయి. ఎండలు ముదిరాయి కదా, చెమటకాయల గురించి అడుగుతారనుకున్నాను. అందరూ సర్పి గురించే అడిగారు. జుట్టు రాలుతోందని రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*డాక్టరమ్మ గారూ, మా అత్తగారికి 67 ఏళ్లు. ఐదు రోజుల కిందట కుడి డొక్కలో మంట అన్నారు. మూడో రోజుకి వెన్ను దగ్గర్నుంచి ముందుకు గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు లేచాయి. సర్పి అన్నారు, జాజుతో పాముబొమ్మ గీయించాం. తలా తోకా కలిస్తే మనిషి దక్కదని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. ఆవిడ గడప దాటరు, మరి ఎవరి దగ్గర అంటిందో! ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది, నానమ్మ ఒళ్లోంచి దిగదు. – ఒక కోడలు, తెనాలి*

అమ్మాయీ, ముందు భయం సంగతి చూద్దాం. తలా తోకా కలవవు. మన వెన్నుపూసల పక్కన కుడివైపొక వరస, ఎడమవైపొక వరస నరాల ముడులుంటాయి. ఒక్కో ముడికి తన వైపు చర్మంలో ఒక పట్టీ మేరకే కాపలా. కుడివైపు నరం నడుం చుట్టూ వచ్చి బొడ్డు గీత దగ్గర ఆగిపోతుంది. అవతలి సగం ఎడమదాని జాగీరు. సర్పి లేచేది మామూలుగా ఒక ముడిలోంచి కాబట్టి అది సగం మొలతాడులాగే ఉంటుంది. హెన్రీ హెడ్, ఆల్‌ఫ్రెడ్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు సర్పి వచ్చి పోయినవాళ్ల శవాలను కోసి, ఈ ముడులే చెడిపోయి ఉన్నాయని 1900లోనే చూపించారు. ఏ నరం చర్మంలో ఎంత మేర ఏలుతుందో వాళ్లు గీసిన పటాలే మా చదువుకి ఆధారమయ్యాయి. పట్టీ దాటి ఒళ్లంతా చెదురుమదురుగా పొక్కులు లేస్తే మాత్రం అది వేరే సంగతి. ఒంట్లో కాపుదల, అదే రోగనిరోధక శక్తి, బాగా తగ్గిందని అర్థం, ఆస్పత్రిలో చేర్చాలి.

ఇక ఎవరి దగ్గర అంటింది? ఎవరి దగ్గరా అంటలేదు. ఆవిడకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటుంది. వేపమండలు కట్టి, తలకి నీళ్లు పోసి, అమ్మవారు వెళ్లిపోయిందనుకున్నారు. వెళ్లలేదు. ఆటలమ్మ తెచ్చిన వైరస్ చర్మం నుంచి నరం వెంట పైకి పాకి, వెన్ను పక్క ముడిలో పడుకుంది. ఇన్నేళ్లకి సర్పిగా లేచింది.

ఈ సంగతిని గట్టిగా నిలబెట్టింది పెద్ద ఆస్పత్రి ప్రొఫెసర్ కాదు. ఇంగ్లండ్‌లో సైరన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ఎడ్గార్ హోప్-సింప్సన్ అనే మామూలు డాక్టరుండేవారు. ఆయన చేతికింద ఉన్నది మూడున్నర వేల మంది జనం. 1947 నుంచి 1962 దాకా, పదహారేళ్లు, వాళ్లలో ఎవరికి సర్పి లేచినా చిట్టాలో రాసుకున్నారు. మొత్తం తేలింది 192 మంది. ఆ అంకె చూసి మీరు పెదవి విరుస్తారేమో గానీ, పదహారేళ్లు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను మొదలుపెట్టిన చిట్టా మూడో సంక్రాంతికి చాకలిపద్దులోకి దిగింది. ఆయన చిట్టాలో తేలిందేమిటంటే, ఊళ్లో పిల్లలకి ఆటలమ్మ జోరుగా ఉన్నప్పుడు సర్పి పెరగలేదు. ఆటలమ్మ లేనప్పుడు తగ్గనూ లేదు. వయసుతోపాటు మాత్రం పెరుగుతూ పోయింది. బయట అంటుకునే జబ్బయితే ఇలా ఉండదు కదా. వైరస్ నరాల ముడిలో నిద్రపోతుందనీ, ఒంటి కాపుదల సడలినప్పుడు లేస్తుందనీ 1965లో ఆయన రాశారు.

ఒక్క తన ఊరితో ఆగక, స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని యెల్ అనే దీవికీ వెళ్లారు. అంత కొద్దిమంది ఉండేచోట తట్టులాంటి జబ్బు ఒకసారి అందరినీ చుట్టేసి, ఆపైన మనిషి దొరక్క ఆరిపోతుంది. మళ్లీ రావాలంటే ఎవరో పడవలో మోసుకురావాలి. ఆటలమ్మకి పడవ అక్కర్లేదు. తాత నరంలో యాభై ఏళ్లు పడుకుని, ఒకనాడు సర్పిగా లేచి, ఒళ్లో కూర్చున్న మనవడికి ఆటలమ్మగా అంటుకుంటుంది.

అందుకే మీ పాప సంగతి ముఖ్యం. పాపకి సర్పి అంటదు, ఆటలమ్మ అంటవచ్చు. వైరస్ ఆ పొక్కుల నీళ్లలో ఉంటుంది. పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా, అంటే ఓ వారం పది రోజులు, పాపని ఒళ్లోకి ఇవ్వకండి. పొక్కుల మీద వదులుగా నూలు గుడ్డ కప్పండి, తువ్వాళ్లు వేరుపెట్టండి. ఆటలమ్మ పోయని గర్భిణులెవరైనా ఉంటే వాళ్లూ దూరంగా ఉండాలి. అత్తగారు నొచ్చుకుంటారనుకుంటే ‘డాక్టరమ్మ పత్రికలో రాసింది’ అని నా మీదికి నెట్టేయండి, నేను పడతాను. పాపకి జ్వరమొచ్చి పొక్కులు లేస్తే పిల్లల డాక్టరుకి చూపించండి. ఆస్పిరిన్ మాత్రం ముట్టించకండి.

జాజు గీయించినందుకు తిట్టను. మా మామ్మకీ గీయించారు. ఈ పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మానతాయి గనక జాజు గీసినాయనకీ, మంత్రం వేసినావిడకీ, నాకూ, అందరికీ మంచి పేరే వస్తుంది. కాకపోతే పొక్కు లేచిన 72 గంటల్లోపు వైరస్‌ని ఆపే ఎసైక్లోవిర్ లాంటి మాత్ర మొదలుపెడితేనే దాని సత్తువ పూర్తిగా దక్కుతుంది. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఆ గడువు దాటింది. అయినా కొత్త పొక్కులు లేస్తూంటే వెంటనే తీసుకెళ్లండి, ఆ వయసులో ఆలస్యంగానైనా వాడతాం.

పొక్కు కంటే ముందు నొప్పి వస్తుందన్నది మరవకండి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఎడం రొమ్ములో మంటని వచ్చాడు. ఈసీజీ తీశాను, బాగుంది. గ్యాస్ మందిచ్చి పంపాను. నాలుగో రోజు చొక్కా విప్పుకుని వచ్చి, ‘ఇదేనామ్మా గ్యాసు?’ అన్నాడు. చంక కింద నుంచి వీపుదాకా గుత్తులు. ఆ తర్వాత ఎవరు ఒకవైపు మంట అన్నా వీపు చూడకుండా పంపలేదు.

*మేడమ్, నేను బీఎస్సీ విద్యార్థిని. ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ అని ఎలా తేల్చారు? ఎసైక్లోవిర్ వైరస్‌ని ఆపుతుంది కదా, మరి నరంలో దాక్కున్నదాన్ని ఎందుకు తుడిచెయ్యదు? – హనుమకొండ నుంచి*

నాన్నా, నీలాంటి ప్రశ్నలకి నాకు కాగితం చాలదు. మొదటిదానికి ఒక ముచ్చట ఉంది. 1948లో బోస్టన్‌లో థామస్ వెల్లర్ అనే శాస్త్రవేత్త ఆటలమ్మ వైరస్‌ని గాజు గొట్టాల్లో, మనిషి కణాల మీద పెంచాలని చూశాడు. అది పెరగలేదు. గొట్టాలు కొన్ని మిగిలాయి. పారేయడమెందుకని ఫ్రీజర్‌లో ఉన్న పోలియో వైరస్‌ని వాటిలో వేశాడు. అది పెరిగింది! పోలియో టీకాకి దారి తెరిచింది ఆ పనే. 1954లో తోటి శాస్త్రవేత్తలు ఎండర్స్, రాబిన్స్‌లతో కలిసి అతనికి నోబెల్ తెచ్చిపెట్టిందీ ఆ పనే. మిగిలిన ఇడ్లీపిండితో ఊతప్పం వేస్తే ఊరంతా మెచ్చుకున్నట్టు! అతను మాత్రం ఆటలమ్మని వదల్లేదు. కొన్నేళ్లకి ఆటలమ్మ పొక్కుల నుంచీ, సర్పి పొక్కుల నుంచీ వైరస్ పెంచి, రెండూ ఒకటేనని చూపించాడు. 1984లో ఒకే రోగికి ముందు వచ్చిన ఆటలమ్మ వైరస్ డీఎన్ఏనీ, తర్వాత లేచిన సర్పి వైరస్ డీఎన్ఏనీ ఎంజైములతో ముక్కలు చేసి పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోయాయి.

రెండో ప్రశ్న దగ్గర కాస్త నెమ్మదిగా చదువు. ఎసైక్లోవిర్ చూడ్డానికి డీఎన్ఏ కట్టే ఇటుకల్లో ఒకటైన గ్వానోసిన్‌లా ఉంటుంది గానీ, తరవాతి ఇటుక పట్టుకునే కొక్కెం దానికి లేదు. గొలుసులో అది దూరిందంటే గొలుసు అక్కడితో ఆఖరు. కానీ దూరాలంటే ముందు దానికి మూడు ఫాస్ఫేట్లు తగలాలి. మొదటిది తగిలించే పని ముఖ్యంగా వైరస్ తయారుచేసుకునే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైముది. మిగతా రెండూ మన కణమే తగిలిస్తుంది. అంటే దొంగ చేతనే అరెస్టు వారంటు మీద మొదటి సంతకం పెట్టిస్తున్నాం. వైరస్ లేని కణంలో సంతకం పెట్టేవాడు లేడు, మందు ఊరికే ఉంటుంది. నీ జవాబూ అందులోనే ఉంది. ముడిలో నిద్రపోయే వైరస్ తన డీఎన్ఏని నరకణం కేంద్రకంలో ఉంగరంలా చుట్టి పెట్టుకుంటుంది. సుమారు 1,25,000 అక్షరాల ఉంగరం అది. అక్కడ కాపీలు తీయదు, ఆ ఎంజైమునీ చేయదు. సంతకం లేదు, వారంటు లేదు. పోనీ ఆ కణాన్నే చంపేద్దామా అంటే, చర్మకణంలా దాని చోటికి మరోటి రాదు. కాబట్టి మన ఒంటి కాపుదల చూసే టి-కణాలు కాపలా కాస్తాయి, అంతే.

ఎసైక్లోవిర్ పుట్టింది అమెరికా శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందంలో. ఆవిడకి పీహెచ్‌డీ లేదు, 1988లో నోబెల్ వచ్చింది. ఆవిడతోపాటు దాన్ని పంచుకున్న జార్జ్ హిచింగ్స్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఒక మాటన్నారు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్ఏ ఇటుకల్లాంటివి, వెలుగు చూడకపోవడంతో, తరవాతివాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని. కణాలకి శక్తినిచ్చే, మూడు ఫాస్ఫేట్లున్న ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నదీ సుబ్బారావు గారే. మీ కాలేజీలో ఏటీపీ పాఠం చెప్పేటప్పుడు ఆ పేరు చెప్పారా? చెప్పకపోతే నువ్వు లేచి చెప్పు.

*పొక్కులు మాని నాలుగు నెలలైంది. చొక్కా తగిలినా భగ్గుమంటోంది. నొప్పి మాత్రలు పనిచేయడం లేదు. – రిటైర్డ్ కండక్టరు, అనకాపల్లి*

కండక్టరు గారూ, పుండు మానింది గానీ నరం మానలేదు. మూడు నెలలు దాటిన ఈ మంట మీద మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. మోకాళ్ల నొప్పికి కొన్న డబ్బా పక్కన పెట్టండి, కిడ్నీలకి చేటు. దీనికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులున్నాయి. డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మత్తుగా ఉంటుంది, రాత్రి బాత్రూముకి లేచేటప్పుడు గోడ పట్టుకోండి. వారంలో తగ్గలేదని మానేయకండి. ఈలోగా మెత్తటి పాత బనియను వేసుకోండి.

*నేను డాలస్‌లో ఉంటాను. అమ్మానాన్నలు గుంటూరులో, డెబ్భై దాటారు. సర్పి టీకా వేయిస్తే మతిమరుపు జబ్బు కూడా రాదంటున్నారు. నిజమేనా ఆంటీ?*

బాబూ, టీకా వేయించు, కానీ సర్పి కోసం వేయించు. ఇప్పుడు వాడే కొత్త టీకాలో బతికున్న వైరస్ ఉండదు. దాని పైపొరలోని ఒక ప్రొటీన్, దాన్ని మన కాపుదల కణాలు పట్టించుకునేలా చేసే మరో మిశ్రమం ఉంటాయి. అందులో ఒక పదార్థం చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి వస్తుంది. యాభై దాటినవాళ్ల మీద జరిపి, 2015లో వెలువరించిన పెద్ద పరీక్షలో అది సర్పిని 97 శాతం దాకా ఆపింది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఖరీదు ఎక్కువే, డాలర్లలో సంపాదించేవాడివి నీకు చెప్పక్కర్లేదు. వేసిన మర్నాడు చెయ్యి లాగుతుంది, జ్వరమూ రావచ్చు. ముందే చెప్పు, లేకపోతే మీ నాన్నగారు రెండో డోసుకి రారు.

మతిమరుపు మాట బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చింది. అక్కడ 2013లో పాత టీకా మొదలుపెట్టినప్పుడు 1933 సెప్టెంబరు 2న, ఆ తరవాత పుట్టినవాళ్లకే అన్నారు. ఒక్క రోజు ముందు పుట్టినా లేదు. గీతకి అటూ ఇటూ కొద్ది వారాల తేడాతో పుట్టినవాళ్లు మిగతా అన్నిట్లో ఒకలాంటివాళ్లే కదా. ఏడేళ్ల లెక్క చూస్తే టీకా వేయించుకున్నవాళ్లలో డిమెన్షియా అయిదో వంతు తక్కువని 2025లో ప్రకటించారు, ఆడవాళ్లలో ఆ మేలు ఎక్కువ. ప్రభుత్వం గీసిన గీతని పరీక్షగా మార్చుకున్న ఆ తెలివి నాకు భలే నచ్చింది. అయితే తగ్గడం వేరు, రాకపోవడం వేరు. పైగా అది పాత టీకా లెక్క.

*మా అన్నయ్యకి నుదుటి మీద సర్పి. నిన్న ముక్కు కొసన కూడా ఒక పొక్కు లేచింది, కన్ను ఎర్రబడింది. వచ్చే సంచికలో జవాబివ్వగలరు. – ఏలూరు*

ఈ ఉత్తరం నాకందింది పదిహేడు రోజుల కిందట. అడుగున ఫోన్ నంబరుంది గనక కవరు చింపిన చేత్తోనే ఫోన్ చేశాను. ముక్కు కొసకీ కంటికీ వెళ్లే నరం ఒక్కటే. కొసన పొక్కు లేచిందంటే కంట్లోకీ దిగుతుండవచ్చు, చూపుకే ముప్పు. ఆ సాయంత్రమే కంటి డాక్టరుకి చూపించారు, నల్లగుడ్డు మీద అప్పటికే గీతలు పడ్డాయట. మందు పడింది, చూపు నిలిచింది. మీలో ఎవరికైనా ముక్కు కొసన పొక్కు లేస్తే నాకు ఉత్తరం రాయకండి, ఆటో ఎక్కండి.