ప్రకటన ఎక్కడిచ్చినా ఖాతా మీ పేరునే ఉండాలి

ప్రశ్న: రాజమండ్రిలో మాకు మగ్గం వర్క్ బొటీక్ ఉంది. ప్రచారానికి నెలకు రూ.10,000 పెట్టగలం. గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, ఎస్సెమ్మెస్‌లలో ఏది మేలు? ప్రకటనలు చూసుకుంటానన్న అబ్బాయి ఫేస్‌బుక్ పాస్‌వర్డ్, ఓటీపీ అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొద్దు. మీ మొదటి ప్రశ్న కన్నా ఈ రెండోదే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ‘పేజీ చూసే అబ్బాయి మానేశాడు, ఫోన్ ఎత్తట్లేదు, అంతా అతని మెయిల్ మీదే ఉంది’ అన్న మొర నాకు వస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి పోగైన ఫొటోలు, ఫాలోవర్లు, కస్టమర్ల సందేశాలు ఒక్క ఓటీపీతో పరాయివాళ్ల చేతికి పోతాయి. ఖాతాకు మీ కార్డు జతచేసి ఉంటే దొంగ తన ప్రకటనలు మీ డబ్బుతో నడుపుతాడు.

పాస్‌వర్డ్ చెప్పాల్సిన అవసరమే లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను ఒకేచోట నిర్వహించే మెటా బిజినెస్ సూట్‌లో అతనికి ప్రకటనల పని వరకే అనుమతి ఇచ్చి, పనయ్యాక తీసేయొచ్చు. మ్యాప్స్‌లో కనిపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు మీరు ఓనర్‌గా ఉండి, అతన్ని మేనేజర్‌గా చేర్చండి. మేనేజర్ ఇంకెవరినీ చేర్చలేడు, మిమ్మల్ని తీసేయలేడు. పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ మీ ఫోన్‌లోనే ఉండాలి. ‘కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో పేజీ తొలగిస్తాం’ అంటూ వచ్చే లింకులు నొక్కకండి.

ఇక డబ్బు సంగతి. ఏసీ రిపేరు చేసేవారైతే గూగుల్ సెర్చ్ ప్రకటనే ముందనేవాణ్ని. చెడిపోయాకే జనం వెతుకుతారు. మగ్గం పని కంటికి కనబడితేనే ఆశ పుడుతుంది. కాబట్టి ఎక్కువ భాగం ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కే పెట్టండి. అదీ అన్ని నెలలూ సమానంగా వద్దు. శ్రావణ ముహూర్తాల బ్లౌజులకు ఆషాఢంలో, మాఘం పెళ్లిళ్లకు పుష్యంలో ఆర్డర్లిస్తారు. ఖర్చు ఆ నెలల్లో పెంచండి. గూగుల్ ప్రొఫైల్ ఉచితమే, పని ఫొటోలు, షాపు వేళలు సరిగా పెడితే చాలు.

వాట్సాప్ పాత కస్టమర్లకు. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకే పడతారు, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. లక్ష నంబర్లు, బల్క్ సాఫ్ట్‌వేర్ అమ్ముతామనేవాళ్లను దగ్గరికి రానీయకండి, మీ నంబరే బ్యాన్ అవుతుంది. ప్రచార ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం, టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థనూ, హెడర్‌నూ (పంపినవారిగా కనిపించే పేరు), సందేశం నమూనానూ నమోదు చేయించాలి. ఒక్క షాపుకు అంత తతంగం దండగ.

ప్రకటనల డాష్‌బోర్డులు తయారుచేసేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. గూగుల్ యాడ్స్‌లో ఊరు రాజమండ్రి అని ఎంచుకున్నా, అక్కడ ఉన్నవాళ్లతోపాటు ఆ ఊరిపై ‘ఆసక్తి’ చూపినవాళ్లకూ చూపించే సెట్టింగ్‌ను ముందే టిక్ చేసి పెడతారు. ఎక్కడో ఉన్నవాళ్ల క్లిక్కులకు చిన్న వ్యాపారి డబ్బు కట్టాలి. దాన్ని మార్చే చోటేమో మెనూల లోపలెక్కడో ఉంటుంది. పోస్టును అక్కడికక్కడే ప్రకటనగా మార్చేలా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కొత్తవాళ్ల కోసం పెట్టిన పెద్ద ‘బూస్ట్’ బటనూ అంతే, ఎవరికి చూపాలో ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు.

ఆర్డరు పుస్తకంలో ‘ఎక్కడ చూసి వచ్చారు’ అని ఒక గడి పెట్టండి. రెండు సీజన్లు రాస్తే ఏది మానేయాలో మీకే తెలుస్తుంది.

ఓటీపీ ఇప్పటికే చెప్పేసి ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ చేసి, తెలియని అడ్మిన్‌లను తీసేయండి. కార్డు నుంచి డబ్బు పోతే వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.