మలుపుల్లో ఆగిపోయే జిప్సీకి కొత్త ఇంజెక్షన్ పంపు కాదు, సర్జ్ ట్యాంకు కావాలి

అన్నా, కార్బ్యురేటర్ ఉన్న మారుతి జిప్సీలో ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ని ప్రెషర్‌తో చిమ్మే ఇంజెక్షన్) ఇంజన్ వేశాక, పెట్రోల్ పావు ట్యాంకుకు దిగితే మలుపుల్లో బండి ఆగిపోతోందన్నారు కదా. మళ్ళీ ఇంజెక్షన్ పంపు కొని డబ్బు తగలేయకండి. కార్బ్యురేటర్ గిన్నెలో కాస్త పెట్రోల్ నిల్వ ఉంటుంది కాబట్టి, మలుపులో పెట్రోల్ పక్కకి ఒరిగి పైపులోకి క్షణంసేపు గాలి వెళ్ళినా ఇంజన్‌కి తెలిసేది కాదు. ఇంజెక్షన్‌కి ఆ వెసులుబాటు లేదు. పంపు గాలి పీల్చగానే దాదాపు 3 బార్ ఉండాల్సిన ప్రెషర్ పడిపోతుంది.

నా ఓటు లీటరున్నర సర్జ్ ట్యాంకుకే, అంటే పాత ట్యాంకుకీ ఇంజెక్షన్ పంపుకీ మధ్య ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న ట్యాంకుకి. తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు దాన్ని నింపుతూ ఉంటుంది, ఇంజెక్షన్ పంపు దాని అడుగు నుంచి తీసుకుంటుంది. ఇంజన్ రిటర్న్ (ఇంజన్ వాడగా మిగిలి వెనక్కి వచ్చే పెట్రోల్) కూడా అందులోకే వదలండి. ఎక్కువైన పెట్రోల్, గాలి పైనున్న పైపు గుండా పాత ట్యాంకుకు వెళ్ళాలి. ప్రెషర్ వైపు ఇంజెక్షన్ గ్రేడ్ హోస్ (ఆ ప్రెషర్‌ని తట్టుకునే గొట్టం) తప్పనిసరి.

పాత ట్యాంకుకు రిటర్న్ గొట్టం లేకపోతే, దాన్ని అతికించడానికి, ఖాళీ చేశాం కదా అని నేరుగా వెల్డింగ్ పెట్టనివ్వకండి. మిగిలిన ఆవిరి చాలు, పేలిపోతుంది.