కొత్త బుష్‌లు వేసినా టకటక ఆగకపోతే

మీ ట్రక్కు ముందు స్వే బార్‌కు (మలుపుల్లో బండి పక్కకు మరీ ఒరగకుండా ఆపే ఇనుప కడ్డీ) పాలీయురేథేన్ బుష్‌లు (బ్రాకెట్లలో బార్‌ను పట్టి ఉంచే తొడుగులు), కొత్త లింకులు (బార్ చివర్లను చక్రాల సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీలు) వేశాక గతుకుల్లో టకటక, మలుపుల్లో కీచుమనే శబ్దం వస్తున్నాయన్నారు. రెండింటికీ కారణాలు వేరు.

కీచు బుష్‌లదే, లోపల గ్రీజు చాలక. బ్రాకెట్లు విప్పి, బార్ మీది తుప్పును సన్నని ఎమరీ కాగితంతో నున్నగా తీసి, సిలికాన్ గ్రీజు దండిగా పట్టించండి. మామూలు బేరింగ్ గ్రీజు వద్దు. పనిలో పనిగా బుష్ కూర్చునే చోట బార్ మందం వెర్నియర్‌తో కొలవండి. 32 మి.మీ. బార్‌కు 34 మి.మీ. బుష్ పడితే ఎంత బిగించినా వదులు పోదు.

టకటక విషయంలో నా అనుమానం మాత్రం లింకుల మీదే. నట్టుతో పాటు స్టడ్ (లింకు చివర ఉండే మర బోల్టు) కూడా తిరిగిపోతుంటే చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ బిగియదు. స్టడ్ చివర అలెన్ కీ పెట్టి ఆపి, నట్టును స్పానర్‌తో తిప్పండి. ఇంపాక్ట్ గన్ జోలికి పోకండి. ఒక్క చక్రమే జాకీ మీద లేపితే బార్ మెలిపడి స్టడ్ రంధ్రానికి సూటిగా రాదు. సుత్తితో దూరిస్తే మర పోతుంది. రెండు చక్రాలూ నేల మీదైనా ఉంచండి, రెండూ లేపి స్టాండ్ల మీదైనా పెట్టండి. చివరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి). పాత నైలాన్ లాక్ నట్లు మళ్ళీ వాడకండి.