హోటల్ రివ్యూలో శృంగారం పలికించడం ఎలా?

న్యూయార్క్ మ్యాగజీన్‌లో 1968 నుంచి 40 ఏళ్లు హోటళ్ల మీద రాసిన గేల్ గ్రీన్ తిండిని పడకగది ముచ్చట్లలా వర్ణించేవారట, తెలుగులో అలా రాస్తే ఎబ్బెట్టుగా ఉండదా అని ఒకరు అడిగారు. విశేషణాలు కుమ్మరిస్తే ఉంటుంది. నేను చేసి చూశాను.

ఒక చిన్న పత్రికకి హైదరాబాద్ హోటళ్ల గురించి రాస్తున్న కొత్తల్లో, రంజాన్ నెలలో హలీం మీద రాశాను. మత్తెక్కించే పరిమళం, మైమరపించే మెత్తదనం, నాలుక మీద ముద్దు... అన్నీ వాడేశాను. ఎడిటర్ గారు చదివి, "ఇందులో హలీం తీసేసి మైసూర్‌పాక్ పెట్టినా ఒక్క ముక్క మార్చక్కర్లేదు కదయ్యా" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఆ సాయంత్రం మళ్లీ వెళ్లి బట్టీ పక్కనే నిలబడ్డాను. ఇద్దరు మనుషులు దేగ్ అనే పెద్ద వంటపాత్రకి అటొకరు ఇటొకరు నిలబడి, పొడుగాటి కర్ర రోకళ్లతో గోధుమలూ మాంసమూ కలిసిపోయేలా దంచుతున్నారు. చెమటకి బనీన్లు వీపులకి అతుక్కుపోయాయి. రోకలి పైకి లేచిన ప్రతిసారీ గుజ్జు దాని వెంటే సాగి, తెగనా వద్దా అన్నట్టు కాసేపు వేలాడి, తెగి పడుతోంది. గిన్నె చేతికొచ్చాక నిమ్మచెక్క పిండి తిన్నాను. ఎముకల జిగురంతా అందులోకి దిగి ఉంటుంది కదా, నాలుగో చెంచాకి పెదాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మాట్లాడాలంటే విడదీసుకోవాల్సి వచ్చింది.

అదే రాశాను. ముద్దు అన్న మాట ఎక్కడా లేదు. ఎడిటర్ గారు ఒక్క కామా మాత్రం కొట్టేశారు.

హైదరాబాదీ హలీంకి 2010లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే ముద్ర) వచ్చిన సంగతి ప్రతి రివ్యూలోనూ ఉంటుంది, నోట్లో ఏం జరిగిందో మాత్రం ఉండదు! దమ్ బిర్యానీకి పెట్టిన పిండిముద్ర ఊడదీస్తే ఆవిరి ముందు కళ్లద్దాల మీదికొస్తుంది. ఏమీ కనపడని ఆ కాసేపట్లోనే వాసన ముక్కుకి తగులుతుంది. ఆ వరసలో రాస్తే చాలు, 'కమ్మగా' అనే పనే లేదు.

బాగోలేని తిండికీ ఇదే పద్ధతి. ఒకచోట చల్లారిన బిర్యానీలో నెయ్యి అంగిటికి మైనంలా పట్టింది. నీళ్లు తాగినా పోలేదు, బయటికొచ్చి వేడి ఇరానీ చాయ్ తాగితే కరిగింది. అంతవరకే రాశాను. మర్నాడు ఆ మేనేజర్ ఫోన్ చేసి, "మా బిర్యానీ బాగుందో లేదో చెప్పనేలేదేంటి సార్?" అన్నాడు.